ఊరగాయలో నీచు వాసన

కండక్టరు ఎలీయాజరు గారికి అనుమానం జబ్బు కాదు, ఉద్యోగం. ఆర్టీసీ వారు ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు నెలనెలా జీతమిచ్చి మరీ ఆయన చేత జనాన్ని అనుమానింపజేశారు. బస్సులో నిద్రపోతున్న నలుగురిలో టికెట్టు లేనివాడెవడో ఆయన ఫుట్‌బోర్డు మీద నుంచే చెప్పేసేవారు. నిజంగా నిద్రపోయేవాడి నోరు తెరుచుకుని ఉంటుందట. టికెట్టు లేనివాడి నోరు బిగించుకుని ఉంటుందట. ఒకసారి కైకలూరు బస్సులో సీటు కింద గోనెసంచి ఒకటి కదిలింది. ఇందులో ఏముందయ్యా అంటే, తవుడండి అన్నాడు ఆసామి. తవుడు ఊపిరి పీలుస్తోందేమిటని సంచి విప్పించారు. లోపలినుంచి గూడబాతు పిల్ల ఒకటి మెడ చాపి, ఆయన చేతిలోని టికెట్ల పెట్టె వైపు చూసి బారెడు నోరు తెరిచింది. దానికి అర టికెట్టు కొట్టిగానీ వదల్లేదని భీమడోలులో ఇప్పటికీ చెప్పుకుంటారు. పూర్తి టికెట్టు ఎందుకు కొట్టలేదంటే, దానికి పన్నెండేళ్ళు నిండినట్టు ఆధారం లేదు.

అనుమానం తర్వాత ఆయనకున్న రెండో ఆస్తి ముక్కు. కళ్ళు మూసుకున్నా బస్సు ఎక్కడుందో చెప్పేవారు. బెల్లం వాసన తగిలితే తాడేపల్లిగూడెం మార్కెట్టు యార్డు, మామిడిపూత తగిలితే మెట్ట ఎక్కినట్టు, తడిసిన వరిగడ్డి తగిలితే ఉండి ఊరు. ఒక్క ఏలూరు–కైకలూరు రూటు మాత్రం ఆయనకి చప్పగా ఉండేది. కొల్లేరు మీదుగా పోయే ఆ దారిలో కొత్త ప్రయాణికులు ముక్కుకి రుమాలు ఎందుకు కట్టుకుంటారో సర్వీసు మొత్తంలో ఆయనకి అర్థం కాలేదు. దుమ్ముకి కాబోలనుకుని కిటికీ అద్దాలు దింపమనేవారు.

పుట్టింది కొల్లేటి లంక ఊళ్ళో. రిటైరయ్యాక మాత్రం నీళ్ళ పక్కన ఉండనని పంతంపట్టి, భీమడోలు నుంచి ద్వారకా తిరుమల పోయే దారిలో నాలుగెకరాల ఎర్రనేల కొని నిమ్మతోట వేశారు. మధ్యలో నాలుగు ఉసిరి చెట్లు, గట్టు వెంట బూడిదగుమ్మడి, టమాటా. కాయ కాశాక మార్కెట్టుకి తీసుకెళ్ళారు గానీ, అక్కడ పాటదారు కాయని అటూ ఇటూ తిప్పి చూసే పద్ధతి ఆయనకి నచ్చలేదు. ఆ తిప్పడంలోనే ఏదో ఉందనిపించింది. కాయని కాయగా అమ్మనని ఇంటికొచ్చేశారు. కాన్వెంటు స్కూల్లో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన ఆయన భార్య క్యాథరిన్ గారు తమ పుట్టింటివారి కొలతలు తీశారు. కోడలు జాయ్సీ డబ్బాలకి అంటించే కాగితాలు అచ్చు వేయించింది. తోటలోనే రేకుల షెడ్డు లేచింది. నిమ్మకాయ, ఉసిరికాయ, టమాటా ఊరగాయలు, గుమ్మడి వడియాలు. పన్నెండేళ్ళుగా అదే బతుకు.

షెడ్డులో పనికి చుట్టుపక్కల మెట్ట ఊళ్ళవాళ్ళని ఆయన పెట్టుకోలేదు. వాళ్ళని నమ్మడానికి వాళ్ళెవరో తనకి తెలియదు. తన లంక నుంచే పదిమంది ఆడవాళ్ళని రోజూ షేరాటోలో రప్పించేవారు. వాళ్ళని కూడగట్టి తెచ్చింది వీరదుర్గ. నలభై అయిదేళ్ళ మనిషి, మాట తక్కువ, కత్తిపీట ముందు కూర్చుంటే తల ఎత్తదు. నిమ్మకాయని ఎనిమిది ముక్కలు కోస్తే ఎనిమిదీ ఒక్క తల్లి పిల్లల్లా ఉండేవి. మొదటిరోజే ఆయన ఓ రూలు పెట్టారు: షెడ్డులోకి చేప, గుడ్డు, మాంసం ఏ రూపంలోనూ రాకూడదు. క్యారేజీలు గేటు బయట వేపచెట్టుకి తగిలించాలి, అక్కడే తినాలి, కుంకుడురసంతో చేతులు కడుక్కుని లోపలికి రావాలి. అంత రూలు ఎందుకంటే, ఆ ఊరగాయలో సగం పైన కొనేది విజయవాడలో ఇందుజ గారు.

ఇందుజ గారిది శాకాహారం వాళ్ళ కొట్టు. పెళ్ళిళ్ళకి వంటలు కుదుర్చుకునే బ్రాహ్మణ వంటవాళ్ళంతా ఆవిడ దగ్గరే తీసుకుంటారు. ఉల్లిపాయ తరిగిన చాకు ఇంకో గుమ్మం నుంచి పోవాలన్నంత మడి. క్రైస్తవుల ఇంటి ఊరగాయ మీరెలా కొంటారని మొదట్లో ఆవిడని అడిగినవాళ్ళున్నారు. చేసే చెయ్యి శుభ్రంగా ఉంటే చాలు, అది ఏ దేవుడికి దణ్ణం పెడితే నాకేమని ఆవిడ అన్నారట. ఆ మాట ఎలీయాజరు గారికి చేరింది. ఆవిణ్ణి కూడా అనుమానించే ఆయన ఆ ఒక్క మాటని మాత్రం అనుమానించలేదు.

అలాంటి ఇందుజ గారు మార్చి మొదటి వారంలో ఫోన్ చేశారు.

"ఎలీయాజరు గారూ, ఏమీ అనుకోకండి. ఈసారి నిమ్మకాయలో నీచు వాసన వస్తోందండీ."

ఆయన ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చారు. తర్వాత, ఇంగువ మార్చామండీ, దాని ఘాటు అయ్యుంటుందన్నారు. ఇంగువకి నీచుకి తేడా తనకి తెలుసునని ఆవిడ మెత్తగానే చెప్పారు. రెండు రోజుల్లో నలభై డబ్బాలు లారీలో తిరిగొచ్చాయి.

ఒక డబ్బా విప్పి ఆయన ముక్కు లోపల పెట్టినంత పని చేశారు. నిమ్మ, మెంతి, కారం, నువ్వులనూనె. ఇంకేమీ లేదు. క్యాథరిన్ గారు చూశారు, లేదన్నారు. జాయ్సీ చూసి, "బాగానే ఉంది మామయ్యగారూ" అంది. ఆ పిల్ల పుట్టిల్లు ముదినేపల్లి, ఇంటి చుట్టూ చెరువులే. వీరదుర్గని పిలిచి చూపించారు. ఆవిడ వేలితో కాస్త తీసుకుని నాలిక మీద పెట్టుకుని, ఉప్పు సరిపోయిందండి అంది. వాసన సంగతి అడిగితే, ఏ వాసనండీ అని ఎదురడిగింది. మిగతా తొమ్మిదిమందీ వరసగా వచ్చి ముక్కు దగ్గర పెట్టుకుని, లేదండి, లేదండి అంటూ పోయారు. ఇంతమందికి రాని వాసన విజయవాడలో ఒక్కావిడకి వచ్చిందంటే దాని వెనక ఏదో ఉండాలి.

మొదటి అనుమానం ఇందుజ గారి మీదే. వేరే వాళ్ళ సరుకు కుదిరి ఉంటుంది, వదిలించుకోడానికి సాకు వెతుకుతున్నారు. ఈ అనుమానం సరిగ్గా మూడు రోజులు బతికింది. నాలుగో రోజు హైదరాబాదు నుంచి క్యాథరిన్ గారి పాత విద్యార్థిని ఒకామె ఫోన్ చేసింది. టీచరు గారూ, మీ నిమ్మకాయ తింటుంటే ఎందుకో చేపల మార్కెట్టు గుర్తొచ్చిందండి అని నవ్వింది. ఆ నవ్వు క్యాథరిన్ గారు భర్తకి చెప్పకుండా ఉండాల్సింది.

ఇక ఇంటిదొంగ తప్పదని తేలింది. ఎలీయాజరు గారు పాత కాకీ చొక్కా తొడుక్కుని పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డారు. ఆటో దిగిన ఒక్కొక్కరి క్యారేజీ తీయించి, గిన్నె గిన్నె మూత విప్పించి చూశారు. గోంగూర పప్పు, వంకాయ కూర, పెరుగన్నం, మూడింట్లో చేపల పులుసు. పులుసు తెచ్చినవాళ్ళని వేపచెట్టుకి ఇంకో పది అడుగుల అవతల కూర్చోబెట్టారు. మర్నాడు అయిదింట్లో పులుసు ఉంది. ఎందుకని అడిగితే, ఎలాగూ మూత తీయిస్తున్నారు కదండీ, మంచి కూర ఉంటే చూసేవారికి బాగుంటుందని తెచ్చామన్నారు. ఆయన ఆ మాటని కూడా మనసులో రాసుకున్నారు.

తర్వాత తెల్లవారుజామున పిల్లి వస్తోందేమోనని సాయంత్రం షెడ్డు మూసేముందు నేల మీద పల్చగా బియ్యప్పిండి జల్లారు. పొద్దున తలుపు తీసి చూస్తే గుర్తులు ఉండనే ఉన్నాయి. జాడీల వరస దాకా వెళ్ళి తిరిగొచ్చిన మనిషి అడుగులు, చెప్పులు ఎనిమిదో నంబరు. వెంటనే భార్యని పిలిచి చూపించారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని వంగి చూసి, ఆయన కాళ్ళ వైపు చూశారు.

"పిండి జల్లింది మీరే కదా. ఎగిరి బయటికి వచ్చారా ఏమిటి?"

తన అడుగులు కొట్టేయగా ఇంకేమీ మిగల్లేదు. అయినా ఆయన ఆ దారి పూర్తిగా వదలక, సొంత వంటింటిని కూడా అనుమానించారు. అది ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలం. శుక్రవారాలు క్యాథరిన్ గారు మాంసం ముట్టరు, చేపలు వండుతారు. గడిచిన మూడు శుక్రవారాల పులుసు కళాయి ఎక్కడ తోమారు, ఏ నీళ్ళతో తోమారు, ఆ నీళ్ళు ఎటు పోయాయి అని ఆయన అడిగిన తీరుకి, ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగిన ఆవిడకే చెమట పట్టింది. ఆ రాత్రి పప్పుచారుతో సరిపెట్టి, రేపటి నుంచి వంట మీరే చేసుకోండని పుస్తకం తెరుచుకుని కూర్చున్నారు.

ఈలోగా రెండో ఫోన్ వచ్చింది. ఫాల్గుణం పెళ్ళిళ్ళకి పెద్ద సరుకు కావాలనీ, వచ్చే శనివారం తనే స్వయంగా వచ్చి చూస్తాననీ, వాసన ఇంకా ఉంటే ఇక తన కొట్టులో మీ పేరు పెట్టలేననీ ఇందుజ గారు చెప్పారు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఎలీయాజరు గారికి కాస్త ధైర్యంగా ఉండేది. ఆ కొట్టు పోతే షెడ్డు పోతుంది, అది ఆయనకి తెలుసు. దానికన్నా ముందు, చేసే చెయ్యి శుభ్రంగా ఉంటే చాలన్న ఆ మాట పోతుంది.

శనివారం లోపల దొంగ దొరకాలి.

గురువారం మధ్యాహ్నం ఆయన వీరదుర్గ మీద తేలారు. ఎలా తేలారంటే, బస్సులో టికెట్టు లేనివాణ్ణి పట్టినట్టే, నోరు చూసి. మిగతావాళ్ళంతా ఈ గొడవ మొదలైన దగ్గర్నుంచీ గుసగుసలాడుతున్నారు, నవ్వుతున్నారు, తిట్టుకుంటున్నారు. ఆవిడ ఒక్కతే నోరు బిగించుకుని కాయలు కోస్తోంది. పైగా మొగుడు చేపల చెరువు కాపలా. పైగా ఉప్పులో ఊరిన ముక్కల్ని రోజూ ఎండకి ఎత్తేది, సాయంత్రం మళ్ళీ జాడీలో దింపేది ఆవిడ చేతులే. అన్నీ కలిశాయి. కలవనిది ఒక్కటే, పన్నెండేళ్ళు. దాన్ని ఆయన పక్కన పెట్టారు.

మిగతా తొమ్మిదిమందీ వింటుండగానే అడిగారు. ఇంటి దగ్గర ఏ చేత్తో చేప శుభ్రం చేస్తావు, ఇక్కడికొచ్చేముందు ఏం కడుక్కుంటావు, మీ ఆయన బట్టలు ఎక్కడ ఆరేస్తావు అని. ఆవిడ అన్నిటికీ జవాబు చెప్పింది. చివరికి ఆయన, రేపటి నుంచి రావద్దు దుర్గమ్మా అన్నారు.

వీరదుర్గ కత్తిపీట మడిచి గోడకి ఆనించింది. చేతులు కొంగుకి తుడుచుకుంది.

"కండక్టరు గారూ, ఆ వాసన మీకు వచ్చిందా అండీ?"

"రాలేదు."

"మీకు రాని వాసనకి నన్ను పొమ్మంటున్నారా అండీ?"

జవాబు లేనప్పుడు కండక్టర్లు ఏం చేస్తారో ఆయన అదే చేశారు, తలుపు తీసి పట్టుకున్నారు. ఆవిడ దిగిపోయింది. సాయంత్రం ఆటో కోసం ఆగకుండా ఎండలో రోడ్డు దాకా నడిచి వెళ్ళిందని జాయ్సీ తర్వాత చెప్పింది. మర్నాడు తొమ్మిదిమందే వచ్చారు. ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ పులుసు తేలేదు. ముక్కలు ఒకటి పెద్ద, ఒకటి చిన్న. అందరి నోళ్ళూ బిగించుకుని ఉండేసరికి ఆయన లెక్క ప్రకారం తొమ్మిదిమందికీ టికెట్టు లేనట్టే అయింది.

శనివారం పదింటికి ఇందుజ గారు భీమడోలు స్టేషనులో రైలు దిగి ఆటోలో వచ్చారు. యాభై దాటిన సన్నటి మనిషి, నూలు చీర, చేతిలో తన మంచినీళ్ళ సీసా. ఎలీయాజరు గారు ముందుగానే చెప్పేశారు, మనిషి దొరికింది, పంపేశాను, ఇక మీకా బెంగ లేదని. ఆవిడ, అలాగా అని మాత్రం అన్నారు. షెడ్డులోకి వెళ్ళి కొత్త జాడీల మూతలు తీయించారు. ఇంకా ఎండకెత్తని, ఉప్పులో వేసి రెండు రోజులైన ముక్కలు అవి. వంగి వాసన చూసి తల ఊపారు. ఇది బాగుందన్నారు. కారం కలిపిన జాడీ దగ్గర మాత్రం ముఖం పక్కకి తిప్పుకున్నారు.

"ఇక్కడికీ అక్కడికీ మధ్యలో ఏం చేస్తారండీ?"

"ఎండబెడతామండి, అంతే."

"అది చూపించండి."

షెడ్డు వెనక కళ్ళంలా చదును చేసిన జాగా ఉంది. వరసగా వెదురు తడికలు, వాటి మీద ఉప్పు పట్టిన నిమ్మముక్కలు పసుపు పచ్చగా ఎండుతున్నాయి. ఆ జాగా ఇంకా పాతిక అడుగులుందనగా ఇందుజ గారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. అడుగు అడుగుకీ నెమ్మదించి, తడికల దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయారు. వంగి ముక్క వైపు చూడలేదు. తల ఎత్తి పైకి చూశారు.

"ఇదేమిటండీ?"

"వలండి. కోతులు పడుతున్నాయని ఈ ఏడే కట్టాం."

"ఏం వల?"

"చేపల వలేనండి," అన్నారు ఎలీయాజరు గారు, తాడు తాడేనండి అన్నంత మామూలుగా.

ఆవిడ కొంగు తియ్యకుండానే ఆయన వైపు చూశారు. ఆయన ఆవిడ చూపు అర్థంకాక వల వైపు చూశారు, మళ్ళీ ఆవిడ వైపు చూశారు. జనవరిలో కోతుల మంద ఒకటి ఉప్పు ముక్క రుచి మరిగింది. కర్రకి బెదరవు, టపాకాయకి బెదరవు, వాటిలో ముసలిది ఒకటి జాడీ మూత తీసి, ముక్క తిని, మళ్ళీ మూత పెట్టి వెళ్ళేదని ఆయన చెప్పేవారు. అప్పుడాయన స్వయంగా ఉండి ఊరు వెళ్ళి, చెరువుల వాళ్ళు ఏళ్ళ తరబడి లాగి లాగి పక్కన పడేసిన పెద్ద వల ఒకటి అడిగి తెచ్చుకున్నారు. కాలవలో మూడుసార్లు జాడించారు, పది రోజులు ఎండేశారు, గుంజలు పాతి తడికల పైన మనిషెత్తున పందిరిలా, చుట్టూ నేల దాకా దించి కట్టారు. అంత పెద్ద వల ఊరికే దొరికిందని నెల రోజులు అందరికీ చెప్పుకున్నారు. రాత్రి మంచుకి వల తడిసేది. పొద్దున ముక్కలు ఎత్తాక ఎండ ఎక్కేకొద్దీ ఆ తడి బొట్టు బొట్టుగా ముక్కల మీద దిగేది. పదేళ్ళ చేపల జిగురు పోగు పోగుకీ పట్టి ఉన్న తడి.

ఇదంతా ఎవరి కంటా పడకపోలేదు. పదిమంది ఆడవాళ్ళూ రోజూ ఆ వల కిందే వంగి పనిచేశారు. కానీ వాళ్ళ లంకలో కాకర పందిరికి అదే వల, కోళ్ళ గూటికి అదే, ఉల్లిపాయలు వేలాడదీసేది అందులోనే, చంటిబిడ్డకి ఉయ్యాల కూడా అదే. వల అంటే వాళ్ళకి గాలిలాంటిది. దాని వాసనా అంతే.

ఇందుజ గారు అరుగు మీద కూర్చుని సీసాలో నీళ్ళు తాగారు. వల కింద ఎండిన సరుకంతా తీసేయమన్నారు. కారం కలిపినదీ, కలపనిదీ కూడా. వల విప్పేసి కొత్త కాయతో చేస్తే, వచ్చే నెల మళ్ళీ వచ్చి చూసి చెబుతానన్నారు. ఈ పెళ్ళిళ్ళకి మాత్రం వేరే చోట చూసుకుంటానన్నారు. లేచి వెళ్ళబోతూ ఆగారు.

"మనిషిని పంపేశానన్నారు. ఎవర్నండీ?"

ఆయన చెప్పారు. ముక్కలు కోసే ఆవిడనా అని ఇందుజ గారు అడిగారు. అవునన్నారు. ఆవిడ సీసా మూత బిగించుకున్నారు. ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

సాయంత్రానికి గుంతలు తవ్వి పదకొండు జాడీల సరుకు పూడ్చేశారు. దుర్గని పంపేసిన దగ్గర్నుంచీ మాట మానేసిన క్యాథరిన్ గారు ఆయనతో రెండు రోజుల తర్వాత మొదటిసారి మాట్లాడారు. దుర్గ ఇంటికి ఎప్పుడు వెళ్తున్నారని అడిగారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన మోపెడ్ మీద బయల్దేరారు. దారంతా ఆలోచన ఒక్కటే. మొగుడు చేపల చెరువు కాపలా కాసే మనిషికి వల వాసన తెలియకుండా ఉంటుందా? ఆవిడకి ముందే తెలుసు. తెలిసి నోరు బిగించుకుంది. నేను పడిపోతానేమో చూద్దామని ఊరుకుంది. కిలోమీటరు కిలోమీటరుకీ అనుమానం చిక్కబడింది. లంక చేరేసరికి, తప్పు సగం ఆవిడదే అన్నంత నమ్మకం కుదిరింది.

వీరదుర్గ ఇంటిముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. లేచి కుర్చీ వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన విషయం చెప్పారు, వల అన్నారు, విజయవాడ ఆవిడ పట్టుకుందన్నారు. ఎవరు తెచ్చారన్నది మాత్రం ఆ చెప్పడంలో ఎక్కడో జారిపోయింది. తర్వాత అడగనే అడిగారు.

"నీకు ముందే తెలుసా దుర్గమ్మా?"

ఆవిడ చాట పక్కన పెట్టి, తన కాకర పందిరి వైపు చెయ్యి చూపించింది. దాని మీద అదే రకం వల, దాని కిందే మంచం, మంచం మీద ఆరేసిన దుప్పటి.

"తెలిస్తే ఆ దుప్పటి అక్కడ ఆరేస్తానా అండీ?"

ఆయన ముక్కు ఎగబీల్చి చూశారు. ఏమీ రాలేదు. ఎండ వాసన, దుప్పటి వాసన. ఆవిడ చెప్పింది నిజమే అయ్యుండాలి. లేదా తెలివైన అబద్ధమై ఉండాలి. ఏది అన్నది తేల్చుకోడానికి ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు సరిపోలేదు.

సోమవారం నుంచి రమ్మన్నారు. ఆవిడ చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఊళ్ళో ఇప్పుడు తనని ఊరగాయ పాడుచేసిన మనిషని అంటున్నారని చెప్పింది. నీళ్ళ పంపు దగ్గర తన బిందె జరిపి పెడుతున్నారనీ, తొమ్మిదిమందినీ పనికి తీసుకెళ్ళింది తనేననీ, వాళ్ళ ముందు తల దించుకుని ఆటో ఎక్కలేననీ చెప్పింది. గొంతు పెంచలేదు.

"మీరు ఇక్కడ నా ఒక్కదానికీ చెప్తే ఏం లాభమండీ? ఏ వేళకి, ఎవరి ముందు నన్ను పొమ్మన్నారో, ఆ వేళకి, వాళ్ళ ముందు చెప్పండి. అప్పుడు కూర్చుంటాను."

సోమవారం ఆవిడ ఆటోలో రాలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక విడిగా, బస్సు దిగి నడిచి వచ్చింది. షెడ్డు గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు. తొమ్మిదిమందీ కత్తులు ఆపారు. క్యాథరిన్ గారు, జాయ్సీ కూడా వచ్చి నిలబడ్డారు.

ఎలీయాజరు గారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. ఈ ఏడు మంచు ఎక్కువ కురిసిందన్నారు. గుమ్మంలో మనిషి కదల్లేదు. కోతుల బెడద గురించీ, మూత పెట్టే ముసలి కోతి గురించీ చెప్పారు. ఇంకో రోజైతే నవ్వేవారు. ఎవరూ నవ్వలేదు. ఉండి చెరువుల వాళ్ళు వల గురించి ముందే చెప్పి ఉండాల్సిందన్నారు. వీరదుర్గ ఎండలోనే నిలబడి ఉంది. భార్య వైపు చూశారు. ఆవిడ, క్లాసులో జవాబు రాని పిల్లాడి కోసం ఎదురుచూసినట్టు, చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నారు.

నెపం వేయడానికి ఆయనకి ఇంక ఎవరూ మిగల్లేదు.

"వల తెచ్చింది నేను," అన్నారు. "కట్టింది నేను. దుర్గమ్మ ఏ తప్పూ చేయలేదు. చేసిందని మీ అందరి ముందూ అన్నాను. అది తప్పు."

తొమ్మిదిమందిలో పెద్దది, సత్యవేణి, కత్తి మీద నుంచి తల ఎత్తకుండానే, మరి వల లేకపోతే కోతుల్ని ఎవరు తోలతారండీ అని అడిగింది. ఆయన ఆలోచించకుండా, నేనే తోలుతానన్నారు. అన్నాక ఆలోచించారు గానీ అప్పటికే పదిమంది విన్నారు. ఆ వేసవి అంతా, పొద్దున ముక్కలు ఎత్తిన దగ్గర్నుంచి సాయంత్రం దింపేదాకా, డెబ్భై నాలుగేళ్ళ మనిషి గొడుగు కింద కర్ర పట్టుకుని కూర్చున్నారు.

వీరదుర్గ చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చింది. చేతులు కడుక్కుంది. గోడకి ఆనించి ఉన్న కత్తిపీట తెచ్చుకుని తన చోట కూర్చుని, బుట్టలోంచి కాయ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. ఎలీయాజరు గారు ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. ఆవిడ మనసులో ఏముందో ఆ ముఖంలో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని కాస్త వంగి చూస్తున్నారు.

"నీడ పడుతోందండి," అంది ఆవిడ. "కాస్త పక్కకి జరగండి, ముక్క కనిపించట్లేదు."

ఆయన పక్కకి జరిగారు.